బయట నిలబడి దించిన షట్టర్

నా చిన్నప్పుడు, మా బజారులో ఏ వ్యాపారీ, ఏ వ్యాపారి కొడుకూ చేయలేని ఘనకార్యం ఒకటి నేను చేశాను. ఢిల్లీలో, మా సాకేత్ పేటలో, పక్కింటివాళ్ళ గదిలో కుర్చీలో కూర్చుని, ఎక్కడో గ్రేటర్ నోయిడాలో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ మిషన్‌కి ఒక్క వేలితో తాళం వేసి, తాళంచెవి లోపలే వదిలేశాను. ఊరికే దొరికిన అవకాశం కూడా కాదు, గట్టిగా బేరమాడి, ఎదురు సరుకిచ్చి మరీ సంపాదించుకున్నాను. అంత చిన్న వయసులో అంత పెద్ద నష్టపు బేరం కుదుర్చుకున్నవాడు మా వంశంలో ఇంకొకడు లేడు. మా తాతయ్య ఒకసారి పుచ్చిన కందిపప్పు లారీడు కొన్నాడంటారు గానీ, పాపం, ఆయన సరుకును కళ్ళతో చూసే కొన్నాడు.

మాది కోస్తా నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడ్డ కిరాణా కుటుంబం. సన్నబియ్యం, చింతపండు, గుంటూరు మిరపకాయలు, మా అమ్మ పెట్టిన పచ్చళ్ళు. ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్ళకు నాలుక ఊరిమీదికి పోయిందంటే మా నాన్న కొట్టుకే రావాలి. అటు పక్కన పంజాబీ సేఠ్ బట్టల కొట్టు, ఇటు పక్కన మార్వాడీ సేఠ్ గిన్నెల కొట్టు. వాళ్ళ మధ్య నేను మాటలు నేర్చుకున్నదే బేరాల్లో. చెప్పిన ధరలో సగం అడగడం, రెండడుగులు వేసి వెళ్ళిపోతున్నట్టు నటించడం, కుదిరాక కొసరు అడగడం, ఇవన్నీ నాకు ఎక్కాలకన్నా ముందే వచ్చాయి. కొసరు లేని బేరం ఉప్పులేని పప్పు అని మా నాన్న సిద్ధాంతం.

పక్కింటి అక్కకు ఇందులో ఒక్కటీ రాదు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. అక్క ఆ గ్రేటర్ నోయిడా కాలేజీలో కంప్యూటర్లు చూసుకునేది. పర్మనెంట్ ఉద్యోగం కాదు, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. వారమంతా బస్సులు మారుతూ వెళ్ళి, శనివారాలు మాత్రం ఇంట్లోంచే పని చేసుకునేది. కూరగాయల బండివాడు ఎంత చెబితే అంత చేతిలో పెట్టేసేది. ఢిల్లీలో కూరలు కొన్నాక కొత్తిమీర, పచ్చిమిర్చి ఊరికే వేయించుకోవడం మనిషి జన్మహక్కు. అక్క అదీ అడిగేది కాదు, బండివాడే జాలిపడి వేసేవాడు. ఇంత చదువుకుని కొసరు అడగడం రాని ఈవిడ ఎలా బతుకుతుందా అని నాకు నిజంగానే బెంగగా ఉండేది.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం. మెత్తటి ఎండ కిటికీలోంచి వచ్చి బల్ల మీద కూర్చుంది. ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఫోను తీగలోంచి కీచుకీచుమని అరుచుకుంటూ వచ్చేది, అది వచ్చినంతసేపూ ఇంట్లో ఫోను మోగేది కాదు. అక్క నల్లటి తెర ముందు కూర్చుని తెల్లటి అక్షరాలు కొడుతోంది. బొమ్మల్లేవు, రంగుల్లేవు. ఏం చేస్తున్నావని అడిగితే, కాలేజీలో ఉన్న సర్వర్‌తో మాట్లాడుతున్నానంది. ఇక్కడ ఒక పంక్తి కొట్టి ఎంటర్ నొక్కితే, అక్కడి మిషన్ ఆ పని చేసి జవాబు ఇక్కడికి పంపుతుందట.

చూడని సరుకును నమ్మే ఇంట నేను పుట్టలేదు. అక్కడ నిజంగా మిషన్ ఉందని గ్యారంటీ ఏమిటన్నాను. అక్క నవ్వి, ఇప్పుడు నీ దగ్గర ఎవరెవరున్నారని దాన్నే అడిగింది. తెర మీద నాలుగు పేర్లు వచ్చాయి. అందులో ఒక పేరుకు ఒక మాట రాసి పంపింది. కాసేపటికి ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ జవాబు దానంతటదే తెర మీద పడింది.

"దీదీ, స్కాలర్‌షిప్ ఫామ్ ఆధా భర్ చుకా హూఁ. సోమవార్ లాస్ట్ డేట్ హై. సర్వర్ బంద్ మత్ కర్నా ప్లీజ్."

ఫామ్ సగం నింపానని, సర్వర్ ఆపొద్దని ఎవరో హాస్టల్ కుర్రాడు బతిమాలుతున్నాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, నదికి అవతల కూర్చుని, మా గల్లీలోని తెర మీద మాట్లాడాడు. నాకు ఒళ్ళు జలదరించింది. సరే, సరుకు ఉందని ఒప్పుకున్నాను.

అప్పుడు అక్క తన చిక్కు చెప్పింది. రెండు రోజులుగా బయటివాళ్ళెవరో ఆ మిషన్ తలుపులన్నీ ఒక్కొక్కటిగా తోసి చూస్తున్నారు, రాత్రిపూట దొంగ గల్లీలో ప్రతి షట్టర్నీ ఎత్తి చూసినట్టు. అనవసరమైన తలుపులన్నీ ఇవాళే మూసేయాలి. మూడు పంక్తుల పని. మొదటిది పిల్లల కోసం ఒక తలుపు ఉంచమని, రెండోది తన కోసం ఒక తలుపు ఉంచమని, మూడోది మిగతావన్నీ మూసేయమని. ఆ మూడు పంక్తులూ ఒక చీటీ మీద రాసి కంప్యూటర్‌కి అంటించుకుంది. తేడా జరిగితే వెళ్ళి సరిచేయడానికి కూడా లేదు. మిషన్ ఉన్న గదికి తాళం, ఆ తాళంచెవి దగ్గర పెట్టుకున్నాయన మీరట్ దగ్గర ఏదో పెళ్ళిలో. మంగళవారం గానీ రాడు. అప్పటికి పిల్లల ఫామ్‌ల గడువూ పోతుంది, బహుశా తన కాంట్రాక్టూ పోతుంది.

ఇంత విన్నాక బుద్ధున్నవాడు ఇంటికి పోతాడు. నేను బేరం మొదలుపెట్టాను. ఎంటర్ నేను నొక్కుతానన్నాను. కుదరదంది. మూడూ వద్దు, చివరిదొక్కటే అన్నాను. నవ్వి ఊరుకుంది. రెండడుగులు వేసి వెళ్ళిపోతున్నట్టు నటించాను. పిలవలేదు. నేనే వెనక్కొచ్చి, మా అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి సీసాడు తెచ్చిస్తానన్నాను. గోంగూర అనేసరికి అక్క మొహం మారింది.

"నిండు సీసానా?"

"నిండు సీసానే. మా కొట్టు మాట."

"సరే సేఠ్‌జీ, చివరి ఎంటర్ నీది. కానీ నేను నొక్కమన్నప్పుడే."

పరుగున వెళ్ళి సీసా తెచ్చాను. అక్క దాన్ని చేత్తో కాస్త తూచినట్టు పట్టుకుని అలమరలో పెట్టింది. అంతలో కింద గల్లీలోంచి "మటర్! తాజా మటర్!" అని బండివాడి కేక. అక్క లేచింది. లేచే ముందు గబగబా ఒక పంక్తి కొట్టి, గోడ గడియారం వైపు ఒకసారి చూసుకుంది. సరుకు కట్టేటప్పుడు కొట్టువాడి చేతులే చూడాలని మా నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. నేను చూడలేదు.

"బఠానీలు తెస్తాను. దేని మీదా చెయ్యి పెట్టకు, అచ్ఛా?"

"అచ్ఛా" అన్నాను.

ఒంటరిగా కూర్చుంటే తెలివి పొంగింది. మూడు పంక్తులెందుకు? బంద్ రోజుల్లో మా నాన్న ఏం చేస్తాడు? ముందు షట్టర్ మొత్తం కిందికి లాగేస్తాడు. గొడవ సద్దుమణిగాక, తెలిసిన ముఖాల కోసం జానెడు ఎత్తి సరుకు అందిస్తాడు. ముందు మూత, తర్వాత ఖాతాదారు. అక్కకు వ్యాపారం తెలియదు కాబట్టి తలకిందులుగా రాసుకుందనుకున్నాను. ఆవిడ మెట్లెక్కి వచ్చేలోపు సగం పని చేసి పెడదామని, చీటీ చూస్తూ మూడో పంక్తి ఒక్కో అక్షరమే కొట్టి, ఎంటర్ నొక్కాను.

తెర అలాగే నిలబడిపోయింది. జవాబు రాలేదు. ఇంకో అక్షరం కొట్టాను, కనబడలేదు. ఇంకొకటి. తర్వాత చేతికందిన మాటలన్నీ కొట్టాను. తప్పుని గుర్తించిన వ్యాపారి కొడుకు ఎంత వినయంగా ఉంటాడో ఆ మిషన్‌కి చూపించాను. అది చూడలేదు.

అక్క బఠానీల సంచితో వచ్చి నా మొహం చూసింది, తెర చూసింది.

"ఏది నొక్కావురా?"

వేలితో మూడో పంక్తి చూపించాను. అరుస్తుందనుకున్నాను. సంచీ నా ముందు బోర్లించి, పళ్ళెం పెట్టి, "ఒలుచు" అంది. తను కూడా ఎదురుగా కూర్చుంది.

ఏడుపు గొంతుతో మా నాన్న పద్ధతి మొత్తం చెప్పాను, బంద్, షట్టర్, జానెడు సందు. శ్రద్ధగా విని ఒక్క ప్రశ్న అడిగింది.

"షట్టర్ లాగేటప్పుడు మీ నాన్న ఎక్కడుంటారు?"

"లోపల."

"మరి నువ్వెక్కడున్నావు?"

నా చేతిలో బఠానీ ఆగిపోయింది. అంతవరకూ ఆ మిషన్ ఈ గదిలోనే ఉన్నట్టు, నేను దాని కడుపులో కూర్చున్నట్టు అనుకుంటున్నాను. నేను బయటున్నాను. బయటివాళ్ళందర్నీ ఆపమని చెప్పాను. మిషన్ అక్షరాలా ఆ మాటే పాటించింది, ముందు నన్నే గెంటింది.

బస్సెక్కి వెళ్దామన్నాను. గది తాళంచెవి మీరట్‌లో ఉందంది. గొళ్ళెం విరగ్గొడదామన్నాను. నువ్వు విరగ్గొడితే గార్డు నీ కాళ్ళు విరగ్గొడతాడంది. సగం ఫామ్ నింపిన ఆ కుర్రాడు కళ్ళముందు మెదిలాడు. వాడి మొహం చూడలేదు కాబట్టి నా మొహమే వాడికి తగిలించుకున్నాను. గోడ మీద యేసుప్రభువు పటం ఉంది. ఆయనకు ఒక మొక్కు మొక్కాను. మా ఇంటి వెంకన్నకు ఇంకొకటి మొక్కాను. ఎవరు ముందు పని చేసిపెడితే వాళ్ళకే ఇస్తానని మనసులో కొటేషన్లు కూడా వేశాను. అక్క మాత్రం బఠానీలు ఒలుస్తూ మధ్యమధ్య గడియారం చూస్తోంది.

పళ్ళెం సగం నిండిందో లేదో, తెర కదిలింది.

ముందు నేను పిచ్చిగా కొట్టిన అక్షరాలన్నీ, ఎక్కడో దారిలో ఆగి ఉన్నవి, ఒక్కసారిగా కుమ్మరించుకున్నాయి. ఓపెన్. ఓపెన్. ప్లీజ్. సారీ. సారీ భయ్యా. ఒక్కోదాని కింద మిషన్ నిదానంగా జవాబిచ్చింది: ఓపెన్ అనే కమాండ్ నాకు తెలియదు. ప్లీజ్ అనే కమాండ్ నాకు తెలియదు. సారీ అనే కమాండ్ నాకు తెలియదు. అక్క చదివి చదివి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

"మిషన్‌ని భయ్యా అన్నావా! కూరల బండివాడనుకున్నావట్రా!"

వాటన్నిటి కింద హాస్టల్ కుర్రాడి మాట పడింది. "దీదీ, లైట్ గయీ థీ క్యా?" కరెంటు పోయిందా అని అడుగుతున్నాడు. పాపం, ఢిల్లీ చుట్టుపక్కల ఏది ఆగినా కరెంటే కదా.

కిందికి వెళ్ళే ముందు అక్క కొట్టిన ఆ ఒక్క పంక్తి అప్పుడు చూపించింది. పది నిమిషాల తర్వాత, నా నుంచి ఏ కబురూ రాకపోతే, అన్ని తలుపులూ పాత పద్ధతిలో తెరిచెయ్ అని దానర్థం. దూరంగా ఉన్న తలుపు ముట్టుకునే ప్రతిసారీ ముందు ఆ పంక్తే కొడుతుందట. నా మీద అనుమానంతో కాదు, తన మీదే. ఒకసారి తనూ ఇలాగే బయట ఉండిపోయి, చలికాలం పొద్దున్నే బస్సులు మారుతూ వెళ్ళి గది తలుపు దగ్గర కూర్చుందట.

"తలుపు మూసేశాక సారీ చెప్తే వినడానికి అక్కడ ఎవరూ ఉండరురా. ఆ సారీ ముందే చెప్పి పెట్టుకోవాలి."

అప్పుడు నాకు బుర్రలో దీపం వెలిగింది. కొసరు! నేను కొసరంటే బేరం అయ్యాక, ఎదుటివాడి దగ్గర, నోరుచేసి గుంజుకునేది అనుకున్నాను. ఈవిడ బేరానికి ముందే, ఎవరూ అడక్కుండా, తక్కెట్లో వేసి ఉంచింది. కొసరు రాని మనిషని నేను బెంగపడ్డది ఈవిడ గురించా!

అక్క మళ్ళీ ముందుగా ఆ పది నిమిషాల పంక్తి కొట్టింది. తర్వాత మొదటిది, రెండోది. మూడోది కొట్టి, కుర్చీ పక్కకు జరిపింది.

"రా, నొక్కు."

"నేనా? నా ఎంటర్ అయిపోయిందిగా?"

"అది నువ్వు దొంగతనంగా నొక్కింది. బేరంలో ఒప్పుకున్నది ఇంకా నీకు బాకీ ఉన్నాను. మాకూ మాటుంటుంది సేఠ్‌జీ."

కుర్చీలో కూర్చుని నొక్కాను. తెర ఆగలేదు. అక్కకు అదీ చాల్లేదు. తెర మీదున్న నల్ల కిటికీ అలాగే ఉంచి, పక్కన ఇంకో నల్ల కిటికీ తెరిచి, బయటి మనిషిలా కొత్తగా తలుపు తట్టి చూసింది. తెరుచుకుంది. అప్పుడు గానీ ఆ పది నిమిషాల పంక్తిని రద్దు చేయలేదు. సాయంత్రం టీ తాగుతుండగా తెర మీద ఒక్క ముక్క వచ్చింది: "ఫామ్ హో గయా దీదీ." ఫామ్ పూర్తి చేసుకున్న ఆ అబ్బాయి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. అక్క కాంట్రాక్టు మాత్రం ఆ ఏడూ పొడిగించారు. ఆ రాత్రి వాళ్ళింట్లో బఠానీ పలావు, మాకూ ఒక గిన్నె వచ్చింది.

నాన్న కొట్టు నా చేతికి రాలేదు. నోయిడాలో ఒక చిన్న ఆఫీసు పెట్టుకుని, నేనెప్పుడూ చూడని గదుల్లోని సర్వర్లకు కుర్చీలోంచే తాళాలు వేస్తూ తీస్తూ జుట్టు నెరిపించుకున్నాను. కొత్తగా చేరిన పిల్లలు అంకుల్ అంటారు. వాళ్ళు ఎంటర్ మీద వేలు పెట్టగానే వెనక నుంచి నేను అడిగేది ఒక్కటే, కొసరు వేశావా అని. తెలుగు రాని పిల్లలు కూడా ఆ మాట నేర్చుకున్నారు. మనుషుల మీద కోపమొచ్చి తలుపు వేయబోయినప్పుడూ అదే అలవాటు. కాసేపటికి దానంతటది తెరుచుకునే ఏర్పాటు ముందే చేసుకుని మరీ వేస్తాను. నిజం చెప్పాలంటే చాలాసార్లు వేయాల్సిన పనే పడలేదు.

ఇక ఆ శనివారం బేరం లెక్క. ఇది వ్యాపారస్థుల ఇంట్లో పుట్టినవాడి లెక్క, నిజాయితీగానే చెబుతాను. నాకు ముట్టినవి: ఒప్పుకున్న ఎంటర్ ఒకటి, దొంగిలించినది ఒకటి, పది నిమిషాల భయం, ఒక గిన్నె పలావు, ఇన్నేళ్ళ అన్నం. నేనిచ్చినది ఒక సీసా గోంగూర పచ్చడి. నిండు సీసా అన్నాను గానీ అది నిండుది కాదు, ముప్పావే. పై పావు మెట్ల మీద నేనే తినేశాను. చేత్తో తూచినప్పుడే అక్కకు ఆ సంగతి తెలుసు.