కూలెంట్ డబ్బా మార్చిన సాయంత్రం

నా భర్త ముప్పై ఏళ్లు డ్రైవరు పని చేశాడు. ఇప్పుడు రెండేళ్లుగా కారు నేను నడుపుతున్నాను, ఆయన పక్క సీట్లో కూర్చుంటున్నాడు. కిడ్నీలు పాడయ్యాక వారానికి మూడుసార్లు కేతేపల్లి నుంచి నల్లగొండకు డయాలసిస్‌కు పోవాలి. ఇంకెక్కడికీ నేను ఆ కారు తీయను. తీసే ఓపిక లేదు.

ఎండాకాలం ఒకరోజు దవాఖాన నుంచి తిరిగొస్తుంటే బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఇంజను వేడెక్కకుండా చూసే కూలెంట్ డబ్బా అడుగున పగిలింది. ఆగుతూ, నీళ్లు పోస్తూ, ఎట్లాగో ఇల్లు చేరాం. తప్పంతా ఆయనదే. ఏళ్ల తరబడి కూలెంట్ కొనకుండా బోరు నీళ్లే పోశాడు. మా ఫ్లోరైడు బోరు నీళ్లకు మనుషుల పళ్లే ఆగవు, ప్లాస్టిక్ డబ్బా ఎంత? లోపలంతా తెల్లగా గారకట్టి ఉంది.

మర్నాడు పొద్దున బస్సులో నకిరేకల్ పోయి కొత్త డబ్బా, కూలెంట్ తెచ్చాను. సాయంత్రం వచ్చి బిగిస్తానని మెకానిక్ అంతకుముందే మాటిచ్చాడు. నాలుగైంది, అయిదైంది, మనిషి జాడ లేదు. తెల్లారి ఏడింటికి డయాలసిస్. ఒక్కసారి తప్పితే ఆయనకు కాళ్లు ఉబ్బుతాయి, ఊపిరాడదు.

"వాడు రాడు గని, నువ్వే మార్చు. నేను చెప్త" అన్నాడు వాకిట్లో మంచం మీద నుంచి.

నాకు ఒళ్లు మండింది. వచ్చినప్పటి నుంచి కుట్టుమిషను తొక్కి నడుము విరిగిపోతోంది, ఇప్పుడు ఇదొకటి. అయినా పానా అందుకున్నాను. రెండు బోల్టులు తేలిగ్గానే వచ్చాయి. పైపు మాత్రం డబ్బాను పట్టుకుని వదలలేదు.

"గుంజకు, తెగుతది. జర అటూ ఇటూ తిప్పు. గట్ల కాదు, మెల్లగ."

"మెల్లగనో, గట్టిగనో, ఒక్కటి చెప్పు!"

వేళ్లు గీరుకుపోయాక గాని పైపు ఊడలేదు. కొత్త డబ్బా బిగించి, పైపుకు క్లిప్పు ఎక్కించి, కూలెంట్ పోశాను. ఆయన ఆ ధారనే చూస్తూ గుటక మింగాడు. డాక్టరు ఆయనకు రోజుకు అర లీటరు నీళ్లే తాగమన్నాడు. ఆ నీళ్ల సీసా నా దగ్గరే ఉంటుంది.

"నాకన్న దానికే మంచిగ పోస్తున్నవ్" అన్నాడు.

"దవాఖానల నీ తూకం ఎక్కువొస్తే తిట్లు పడేది నేను. ఊకో" అన్నాను. అన్నాక పాపమనిపించింది.

ఇంజను ఆన్ చేసి పది నిమిషాలు చూశాం. కింద ఒక్క చుక్క పడలేదు. ఆయన మొహంలో అంత సంతోషం చూసి చాలా రోజులైంది. నాకేమో ఎక్కడివాళ్లక్కడ నిద్రపోతే బాగుండనిపించింది. కానీ మెకానిక్‌ను నాలుగు మాటలనకుండా నాకు నిద్రెట్లా పడుతుంది? ఫోన్ చేశాను.

"గదేంది వదినా, పొద్దుగాలనే అన్న ఫోన్ జేసి రావద్దన్నడు గద. ఇంట్లనే జేసుకుంటమన్నడు."

ఫోన్ పెట్టేసి ఆయన వైపు తిరిగాను. "రేపు పోకుంటే నీ పానం ఏమైతదో ఎరుకేనా? నేను బిగియ్యలేకపోతే ఏం చేస్తుంటివి?"

ఆయన తన పాదాలనే చూసుకుంటూ అన్నాడు. "నేర్చుకుంటవని. రేపు నేను లేకుంటే, బండి ఆగినప్పుడల్లా ఎవని కోసమని ఎదురుచూస్తవ్?"

కోపమో ఏడుపో తెలియలేదు, గొంతు మాత్రం పెద్దగా లేచింది.

"నువ్వే లేకుంటే, నేను ఆ బండెక్కి యాడికి పోవాలె?"

ఆయన నీళ్లడిగాడు. సీసాలో, రాత్రికని దాచినవి, రెండు గుక్కలున్నాయి. ఒకటి పోశాను.