అల్మారా మూసి కూర్చోండి

మా ఆవిడ పోయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. మన ఢిల్లీ తెలుగు సంఘం పత్రికలో ఆ కబురు నాలుగు పంక్తుల్లో వేశారు. ఇంకొంచెం రాస్తానని సంపాదకులను నేనే అడిగాను.

ఆ రోజు మంగళవారం. ఆరింటికి లేచింది. టీ పెట్టింది. ముందురోజు బాల్కనీలో ఆరేసిన బట్టలు దుమ్ము పట్టాయని మళ్ళీ నీళ్ళలో వేసింది. ఎనిమిదింటికి ఉప్మా సగం తిని ప్లేటు పక్కన పెట్టి, ఎడమ భుజం లాగుతోందంది. “గ్యాసేమో. జీలకర్ర నీళ్ళు తాగుతాను” అంది. తాగింది. నేను బూట్లు వేసుకుంటున్నాను. తల ఎత్తేసరికి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ముఖం నిండా చెమట. జనవరిలో చెమట.

ఇందిరాపురంలో మా ఇంటి నుంచి ఆసుపత్రికి కారులో పన్నెండు నిమిషాలు. దారిలో గ్యాస్ స్టవ్ కట్టేశారా లేదా అని రెండుసార్లు అడిగింది. ఎమర్జెన్సీలో డాక్టరు, రోజూ ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగాడు. నేను “థైరాయిడ్” అన్నాను. ఆలోచించకుండా అన్నాను. పదకొండేళ్ళ అలవాటు. ఆమె ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి, అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో, ఎన్నేళ్ళుగా వేసుకుంటోందో హిందీలో స్పష్టంగా చెప్పింది. చెప్పి నా వైపు ఒకసారి చూసింది. కోపంగా కాదు. పదకొండుంపావుకి పోయింది. గుండెపోటు.

తర్వాత డాక్టరును అడిగాను, నా జవాబు వల్ల ఏమైనా ఆలస్యమైందా అని. అర నిమిషం కూడా కాలేదని, వైద్యంలో తేడా ఏమీ ఉండేది కాదని చెప్పాడు. నమ్ముతున్నాను. అయినా, ఆమె నా సమక్షంలో చేసిన చివరి పని నా అబద్ధాన్ని దిద్దడం. ఈ వ్యాసం ఆ దిద్దుబాటు కోసమే.

ఆమెకు థైరాయిడ్ లేదు. ఆమెకు గొంతులు వినిపించేవి. డాక్టర్లు ఆ జబ్బుకు స్కిజోఫ్రీనియా అని పేరు చెప్పారు. మన వాడుకలో దానికి మర్యాదైన పేరు నాకు దొరకలేదు. అందుకే థైరాయిడ్ అన్నాను. ఆ మాత్రలను థైరాయిడ్ మాత్రల సీసాలో పోసి పెట్టింది కూడా నేనే. మొదటిసారి మా అత్తగారు వస్తున్నారని పోశాను. ఆవిడ వెళ్ళిపోయాక తీయలేదు.

దీని ఫలితం మీలో చాలామందికి తెలియకుండానే తెలుసు. ఒక కార్తీక వనభోజనాల్లో ఎవరో ఆ సీసా చూశారు. “మా అమ్మాయికీ అదేనండీ, క్యాబేజీ ముట్టనివ్వను” అన్నారు. అప్పటి నుంచి ఏ ఇంటికి భోజనానికి వెళ్ళినా, “మీకు క్యాబేజీ వద్దు కదా” అని ఆ గిన్నె ఆమెను దాటిపోయేది. ఆమెకు క్యాబేజీ పెసరపప్పు ప్రాణం. దాటిపోతున్న గిన్నెను చూసి, ఆ పైన నన్ను చూసి, “అచ్ఛా” అనేది. ఢిల్లీ వచ్చాక ఆమె నేర్చుకున్న మొదటి హిందీ మాట అది. దానితో సరే అనేది, సంతోషమనేది, మీ సంగతి ఇంటికి వెళ్ళాక చెప్తాననేది. ఇంటికి వచ్చి, ఆ పూటే క్యాబేజీ తరిగేది. వడ్డించకపోవడం మీ తప్పు కాదు.

నా ఉద్యోగం లిఫ్టుల తనిఖీ. చప్పుడు వస్తోందంటే మూత తీసి లోపల చూడటం నా పని. ఆమెకు గొంతులు మొదలైన ఏడాది కూడా అదే చేశాను. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో నిలబడి, అల్మారాలో ఇద్దరు తన గురించి మాట్లాడుకుంటున్నారంది. నేను టార్చ్ తెచ్చాను. అల్మారా తెరిచి చూపించాను. తర్వాత రెండోది. మంచం కింద, వాషింగ్ మెషీన్ వెనక, గీజరు మీద. “చూశావా, ఎవరూ లేరు” అన్నాను. వారం రోజులు ప్రతి సాయంత్రం ఇల్లంతా వెతికాను. మంచి భర్తననే అనుకున్నాను.

ఎనిమిదో రోజు అడిగింది. “ఎవరూ లేరని మీకు నమ్మకమైతే రోజూ ఎందుకు వెతుకుతున్నారండీ?”

టార్చ్ ఆర్పాను.

“మీరు వెతికినప్పుడల్లా వాళ్ళు ఇంకో అల్మారాలోకి మారుతున్నారు. ఆ తలుపు మూసి కాసేపు కూర్చోండి” అంది.

తర్వాత మేము వెళ్ళిన డాక్టరమ్మ కూడా ఇంచుమించు అదే చెప్పారు. లేదని వాదించవద్దు, ఉందని ఒప్పుకోవద్దు, పక్కన ఉండండి అన్నారు. ఏమనాలో ఒక కాగితం మీద రాసుకున్నాను. “నాకు వినపడటం లేదు. నీకు వినపడుతోంది కదా. ఇక్కడే కూర్చుంటాను.” మొదట్లో చదివినట్టే అనేవాణ్ణి. “పాఠం అప్పజెప్పినట్టు ఉంది, అయినా పర్లేదు” అని నవ్వింది. ఆ రోజు ఆమె నవ్విందని గుర్తు పెట్టుకున్నాను. మందులు పనిచేయడానికి నాలుగు నెలలు పట్టింది. గొంతులు పూర్తిగా పోలేదు. పక్క ఫ్లాట్ టీవీలాగా అయ్యాయని చెప్పేది.

ఆమె అంతకుముందు హిందీ ప్రకటనలకు తెలుగు డబ్బింగ్ చేసే రికార్డింగ్ స్టూడియోలో పనిచేసేది. జబ్బు కుదుటపడ్డాక నోయిడాలో కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో శబ్దాల పనికి చేరింది. ఎనిమిది మంది, ఒక గది. నడిపేది ఒక పంజాబీ అమ్మాయి. ఆ అమ్మాయి మా ఆవిడను అక్కా అన్నట్టు దీదీ అని పిలిచేది. వాళ్ళు భయపెట్టే ఆట ఒకటి చేస్తున్నారు. తొమ్మిదో అంతస్తులో ఒంటరిగా ఉండే ఒక స్త్రీ, ఆమెకు వినిపించే గొంతులు. ఆడేవాళ్ళు ఆ స్త్రీ కళ్ళతో ఇల్లంతా తిరగాలి. ఇలాంటి ఆటలకు ప్రపంచమంతా అభిమానులున్నారని, మనసు జబ్బులను కథగా తీసుకునే ఆటలు చాలా వస్తున్నాయని నాకు అప్పుడే తెలిసింది.

మా ఆవిడ అలాంటివి ఇంట్లో కూర్చుని వరసగా ఆడి చూసింది. చివరకు చాలావాటిలో ఒకటే తంతు అంది. పాడుబడ్డ పిచ్చాసుపత్రి, గొలుసులు, కత్తి పట్టుకుని వచ్చే రోగి. “నేను పట్టుకున్న కత్తి క్యాబేజీ మీదే” అంది.

కంపెనీలోనూ కథ అక్కడికే వచ్చింది. చివరి ఘట్టం ఆసుపత్రిలో ఉండాలన్నారట. ఆ సమావేశంలో ఆమె చెప్పేసింది. నాకు ఈ జబ్బు ఉంది, ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు ఉన్నాను, అక్కడ నాకు భయమేసింది ఒక్కసారే, క్యాంటీన్ టీ తాగినప్పుడు అని. ముందు ఒకరు నవ్వారట. తర్వాత అందరూ. సాయంత్రం ఇంటికి వచ్చి ఇది నాకు చెప్పింది. చెప్తున్నప్పుడు ఆమె ముఖం తేటగా ఉంది. నేను అన్న మొదటి మాట, “వాళ్ళలో మన తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

“అచ్ఛా” అంది.

ఆ తర్వాత ఆట మారింది. అల్మారాలు వచ్చాయి. ఆడేవాళ్ళు గొంతు వినపడ్డ అల్మారా తెరిస్తే లోపల ఏమీ ఉండదు, కానీ ఇంట్లో ఇంకో గది పుడుతుంది. ఆ గదిలో ఇంకో అల్మారా. ఎంత వెతికితే ఇల్లు అంత పెరుగుతుంది. బయటపడే దారి ఎక్కడో ఆమె నాకు చెప్పలేదు. “మీరే ఆడండి” అనేది. ఎన్నిసార్లు కూర్చున్నా ఇరవయ్యో గది దాకా వెళ్ళి తప్పిపోయేవాణ్ణి. “లిఫ్టుల ఇంజనీరు గారు పైకే వెళ్తున్నారు” అని వెనక నుంచి వినపడేది.

శబ్దాలన్నీ మా వంటింట్లోనే పుట్టాయి. అప్పడం విరిస్తే ఎముక. బియ్యం డబ్బా గచ్చు మీద ఈడిస్తే పై అంతస్తులో ఎవరో మంచం జరిపినట్టు. పచ్చి బఠాణీలు మైకు దగ్గర ఒలిస్తే గోడలో ఏదో పాకినట్టు. గొంతులకు మాత్రం నిశ్శబ్దం కావాలి. కాలుష్యం ఎక్కువున్న రోజుల్లో కూడా గాలి శుద్ధి చేసే మెషీన్ కట్టేసి, భోజనాల బల్ల మీద రెండు మందపాటి దూది రజాయిలు కప్పి, కింద దూరి రికార్డు చేసేది. వనభోజనాల్లో ఒకావిడ “దెయ్యాల ఆటలు చేస్తారట, ఇంట్లో భయం వెయ్యదా?” అని అడిగితే, “ఈయన స్నానం చేస్తూ పాడతారండీ, అంతకంటేనా” అంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నన్నూ ఆ రజాయిల కిందికి పిలిచింది. మోకాళ్ళు ముడుచుకుని పక్కపక్కన కూర్చున్నాం. మైకు సరిచూడాలి, మీ కాగితం మీద మాటలు అనండి అంది. అన్నాను. “ఇంకోసారి. అప్పజెప్పకండి. నాకు చెప్పండి.” ఆమెకు చెప్పాను. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఊపిరాడటం లేదు, బయటికి పద అన్నాను.

ఆట విడుదలకు ముందు, చివర్లో వచ్చే పేర్ల జాబితాలో తన పేరు కింద మూడు చిన్న వాక్యాలు పెట్టాలనుకుంది. రాసి నాకు చూపించింది. “ఈ గొంతులు నేను విన్నవే. మందులు వేసుకుంటున్నాను. బాగున్నాను.” అప్పుడు మా చెల్లెలి కూతురికి సంబంధాలు చూస్తున్నారు. అబ్బాయిలందరూ కంప్యూటర్లవాళ్ళే, ఎవరైనా చూస్తారన్నాను. ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం అన్నాను. వాదించలేదు. అచ్ఛా అని కూడా అనలేదు. మర్నాడు తీయించేసింది. మేనకోడలి పెళ్ళయి రెండేళ్ళు. ఆ సంగతి నేను మళ్ళీ ఎత్తలేదు. ఆమె కూడా అడగలేదు.

పన్నెండో రోజు కార్యక్రమం అయి బంధువులు వెళ్ళాక, పగలే ఆమె కంప్యూటర్ తెరిచాను. ఆట మొదలుపెట్టాను. అలవాటు ప్రకారం అల్మారాలు తెరిచాను. గదులు పెరిగాయి. ఎందులోనో ఆమె ఉంటుందన్నట్టు తెరుస్తూ పోయాను. ముప్పై గదులు దాటాయేమో. చెయ్యి నొప్పి పుట్టి ఆగాను. ఆ గది మూల ఒక కుర్చీ ఉంది. ప్రతి గదిలోనూ ఉందని అప్పుడు తోచింది. అల్మారా మూసి, వెళ్ళి కూర్చున్నాను.

గొంతులు కొంచెం తగ్గాయి. అప్పుడు నా గొంతు వినిపించింది. ఆట మొత్తం హిందీలో, ఇంగ్లీషులో ఉంటే ఆ మాటలు మాత్రం తెలుగులో ఉన్నాయి. “నాకు వినపడటం లేదు. నీకు వినపడుతోంది కదా. ఇక్కడే కూర్చుంటాను.” ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో, తెలుగు ముక్క రానివాళ్ళు, ఈ మాటలు విని బయటపడుతున్నారన్నమాట. ఆ తర్వాత ఆ స్త్రీ ఊపిరి. మొదట వేగంగా, పోను పోను నెమ్మదిగా. అది మా ఆవిడ ఊపిరి. ఇరవై రెండేళ్ళు నా పక్కన విన్నది, పొరపడను. కుర్చీలోంచి లేవనంతసేపూ అది ఆగదు. ఆ రోజు సాయంత్రం వంట మనిషి బెల్లు కొట్టేదాకా లేవలేదు.

లేచాక తలుపు తెరుచుకుంది. పేర్లు పైకి జరుగుతూ వచ్చాయి. ఆమె పేరు వచ్చింది. దాని కింద మూడు వాక్యాలంత చోటు ఖాళీగా ఉంది. వాక్యాలు తీసింది కానీ చోటు తీయలేదు. తర్వాత చూద్దాం అన్న నా మాటను ఆమె నమ్మింది.

ఆ పంజాబీ అమ్మాయి నిన్న ఫోన్ చేసింది. ఈ వారం ఆటకు కొత్త మార్పులు వస్తున్నాయట. “అంకుల్, దీదీ పేరు దగ్గర ఏమైనా రాయాలా? నివాళిలాగా?” అని అడిగింది. వచ్చి చెప్తానన్నాను.

ఈ వ్యాసం సంపాదకులకు పంపే ముందు మా చెల్లెలికి చదివి వినిపించాను. “వదినకి క్యాబేజీ నేను కూడా పెట్టలేదు అన్నయ్యా” అంది.

థైరాయిడ్ సీసా నా ముందే ఉంది. అందులో ఇంకా పదకొండు మాత్రలున్నాయి. రేపు పొద్దున వాటిని వాటి అసలు పేరున్న అట్టపెట్టెలో పెడతాను. ఎనిమిదిన్నరకు ఆటో ఎక్కి నోయిడా వెళ్తాను. నివాళి ఏమీ వద్దంటాను. ఆ ఖాళీలో ఆమె రాసిన మూడు వాక్యాలూ పెట్టమంటాను. చివరిది, “బాగున్నాను” అన్నది, ఏమైనా మార్చాలా అని ఆ అమ్మాయి అడగవచ్చు. ఆమె రాసింది రాసినట్టే ఉంచమని చెప్పి, వాళ్ళు పెట్టేదాకా అక్కడే కూర్చుంటాను.