స్వామికి మొక్కిన జడ

ఎండాకాలం వచ్చిందంటే శామీర్‌పేటలో మా ఇంటి వాకిట్లో పీట పడేది. క్షవరం చేసే తాత మేడ్చల్ నుంచి సైకిల్ మీద వచ్చి, మా అన్నలనూ నన్నూ వరసగా కూర్చోబెట్టి ఒకే తీరుగా క్రాపు కొట్టేవాడు. చెమటకాయలకు, సెగగడ్డలకు, పేలకు అమ్మకు తెలిసిన మందు అదొక్కటే. "ఇగ నీకు అందరు మొగపిలగాండ్లే" అని తాత అమ్మతో పరాచికాలాడేవాడు.

ఆ ఏడు మాత్రం జుట్టు ఇవ్వనని మొండికేశాను. ఎందుకో నాయినకొక్కడికే తెలుసు.

నాకు బడి అంటే అవ్వే. భజన పుస్తకంలో అక్షరం కింద వేలు పెట్టి చదివించేది. ఆ ఎండలకు ముందటి చలికాలం ఆమె మంచం పట్టింది. నన్ను కూడా గుర్తుపట్టని రోజున, యాదగిరిగుట్ట స్వామికి నా తలనీలాలు మొక్కుకున్నాను. మొక్కిన జుట్టుకు గుట్ట మీద తప్ప ఇంకెక్కడా కత్తెర తగలరాదని అవ్వే ఒకప్పుడు చెప్పింది. పొలం గట్టు మీద నాయిన చెవిలో వేశాను సంగతి.

"ఎవ్వలకు జెప్పకు నాయినా."

"జెప్ప బిడ్డా. నీ జడ జోలికి ఎవ్వలొస్తరో నేను జూస్త."

అవ్వ లేచి కూర్చుంది, గంజి తాగింది. గుట్టకు ఎప్పుడు పోదామంటే "కోతలు కానీ" అనేవాడు నాయిన. కోతలయ్యాయి. ఓ పొద్దున తాత సైకిల్ వచ్చింది. నేను పోయి నాయిన వెనక నిలబడ్డాను. ఆయన నన్ను ముందుకు లాగి, పీట మీద కుదేసి, రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకున్నాడు.

"కదలకు బిడ్డా, కొసలే."

కొసలు కాదు. మెడ మీద ఒక్కసారిగా గాలి తగిలింది.

"నాయినా, నీకు ఎర్కే గదా!"

ఆయన నా మొహం చూడలేదు. తాతతో "జల్దీ కానియ్యి" అన్నాడు. లోపలి నుంచి అవ్వ కేకేసింది: "ఏందిరా, పిల్ల గట్ల ఏడుస్తాంది?"

"కత్తెరకు భయపడుతాందే" అన్నాడు నాయిన.

అమ్మ ఊడ్చి పెంటకుప్ప మీద పోసింది. పోయి వెతికాను. అన్నల పొట్టి వెంట్రుకల్లో నా పొడుగువి కనబడుతూనే ఉన్నాయి, కోడి ఈకలతో చిక్కుపడి. గుప్పెడు ఏరాను. పెంట మీద పడినవాటిని స్వామికెట్లా ఇవ్వను? అక్కడే వదిలేశాను.

"మీ మామ ఇంట్ల లగ్గముండె. ఆడపిల్ల గుండుతోని పోతే నలుగురు నవ్వుతరని మీ నాయిన పరేషాన్. క్రాపయితే ఎవ్వలేమంటరు? జడ లేకుంటే మొక్కు మర్చిపోతవనుకున్నడు" అని తర్వాతెప్పుడో అమ్మ చెప్పింది.

మర్చిపోలేదు. జుట్టు మళ్లీ పెరిగాక, మొక్కు సంగతి చెబితే అవ్వే నన్ను గుట్టకు తీసుకుపోయింది. స్వామి ఆలస్యానికి కోపం చేసుకోలేదు, పుస్తకం చివరి పుట దాకా నన్ను చదివించేందుకు అవ్వను ఉంచాడు. అందుకు ఇప్పటికీ రోజూ దీపం పెట్టి దండం పెట్టుకుంటాను. నాయిన కూడా నాకు తిండికీ బట్టకూ ఏనాడూ తక్కువ చేయలేదు. దానికీ దండమే.

మొన్న ఆయనను గుట్టకు తీసుకెళ్లాను. మోకాళ్లు పట్టేసి నా భుజం మీద చెయ్యేసి నడిచాడు. దర్శనమయ్యాక అడిగాడు:

"ఏం మొక్కినవ్ బిడ్డా?"

"ఏం లేదు నాయినా."

ఆ మోకాళ్ల కోసమే మొక్కాను. ఆయనకు చెప్పబుద్ధి కాలేదు.