ఆఖరి చరణంలో ఎస్మెహాన్

మా సివాస్ వైపు పాట కట్టినవాళ్ళు ఆఖరి చరణంలో తమ పేరు పెట్టుకోవాలి. పేరు లేని పాట కంచె లేని చేను, ఎవరి గొడ్డయినా మేసిపోవచ్చు. మా మేనత్త ఎస్మెహాన్ చేసిన తప్పు అదే.

మామయ్య హైదర్ జర్మనీలో ఫ్యాక్టరీ పనికి పోయిన ఏడు ఆమె ఒక పాట కట్టింది. 'పొలం ఇక్కడే, నాగలి ఇక్కడే, దున్నేవాణ్ణి తరిమిందెవరు? అంకారాలో కూర్చున్న దొరా, జవాబు చెప్పు' అని. రొట్టెలు కాలుస్తూ ఊరి ఆడవాళ్ళంతా అదే పాడుకునేవారు. పేరు మాత్రం పెట్టలేదు. కోడలి పేరు మగవాళ్ళ కాఫీ కొట్లో వినపడితే పరువు పోతుందని అత్తగారు ఫాదిమె ఒట్టు వేయించుకుంది.

పదకొండేళ్ళకు, డెబ్భై ఏడులో, ఆ పాట క్యాసెట్టులో వచ్చింది. కంగాల్ పట్నం పాటగాడు నూరెత్తిన్ చివర్లో తన పేరు అతికించుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది! నాకు ఒళ్ళు మండిపోయింది. అత్త పిండి చేతులతోనే లేచి, తనకు వాయించడం నేర్పిన తండ్రి తీగల వాద్యం, సాజ్‌ను గోడ మీంచి దించింది.

"నా ఏడుపు కూడా వాడిదేనా?" అంది.

ఆ వసంతంలో కంగాల్‌లో పాటగాళ్ళ పోటీ జరిగింది. పోటీ నడిపే పెద్దాయన పాటకు ఒక మాట అందిస్తాడు. దాని మీద ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ అప్పటికప్పుడు చరణానికి చరణం కట్టాలి. నోరు ఆగినవాడు సాజ్ కింద పెట్టాలి. అత్త వెళ్ళి నూరెత్తిన్ ఎదురుగా కూర్చుంది.

"అక్కా, ఇంట్లో రొట్టె మాడుతోందేమో చూసుకో పో," అన్నాడు వాడు.

"మాడితే నీకే పెడతాలే తమ్ముడూ. పరాయి రొట్టె నీకు అలవాటేగా!"

జనం గొల్లుమన్నారు. పెద్దాయన 'ఎడబాటు' అన్నాడు. వాడు గులాబీలు, పిట్టలు పాడాడు. అత్త మంచుకు గడ్డకట్టిన బావిని పాడింది, మొగుడి చొక్కా తొడుక్కుని దున్నిన పొలాన్ని పాడింది, తండ్రి ఫోటో చూసి "ఎవరమ్మా ఈయన?" అన్న కూతుర్ని పాడింది. తొమ్మిదో చరణానికి వాడి నోరు పెగల్లేదు. సాజ్ కింద పెట్టాడు.

అప్పుడు అత్త తన పాట ఎత్తుకుంది. ఆఖరి చరణం దాకా వచ్చి ఆగిపోయింది. పాత ఒట్టు గొంతుకు అడ్డం పడింది. ఆడవాళ్ళ గుంపులోంచి ఫాదిమె ముసలమ్మ లేచి నిలబడింది.

"చెప్పవే పిల్లా! ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. పరువు పోవాల్సింది ఆ దొంగ సచ్చినోడిది, నీది కాదు. నీ పేరు చెప్పు!"

'ఎస్మెహాన్ అంటారు నన్ను, పదకొండేళ్ళు పేరు మింగినదాన్ని' అని పాడింది అత్త. మైదానం హోరెత్తిపోయింది. నేను ఏడ్చాను, సిగ్గేమీ లేదు.

ఈసారి ఆమె గొంతే క్యాసెట్టెక్కి జర్మనీ దాకా పోయింది. కొన్నాళ్ళకు మామయ్య ఉత్తరం వచ్చింది. చదువు రాని అత్తకు నేనే చదివి వినిపించాను.

"ఇక్కడ మనవాళ్ళెవరూ ఇప్పుడు నన్ను హైదర్ అని పిలవడం లేదు, ఎస్మెహాన్ మొగుడు అంటున్నారు. నాకూ ఆ పేరే బాగుంది."