బిలాస్‌పూర్‌లో ఖాళీ సమాధుల దగ్గర ఒక ఉదయం

మహాలయ అమావాస్యకు మా ఇంట్లో పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, బియ్యం, పప్పు, కూరగాయలు స్వయంపాకంగా ఇస్తారు. ఆ పేర్లలో మా మామ్మ తండ్రి పేరు ఎప్పుడూ లేదు. ఆయన బిలాస్‌పూర్ రైల్వే షెడ్‌లో ఇంజన్లకు బొగ్గు వేసే ఫైర్‌మన్. రెండో ప్రపంచ యుద్ధంలో రైల్వే పనివాళ్ల దళంతో బర్మా వెళ్లి కనిపించకుండా పోయాడు. చనిపోయాడన్న కబురు రాలేదు కాబట్టి ఆయన భార్య చివరిదాకా బొట్టు తీయలేదు, ఆయన పేరున స్వయంపాకం ఇవ్వనివ్వలేదు. ఆవిడ తర్వాత ఆ పట్టు మామ్మ పట్టింది. మామ్మకిప్పుడు ఎనభై నాలుగు. ఈ ఏడు అమావాస్య దగ్గర పడుతుండగా నాకు ఫోన్ చేసి, "అయ్యకి ఇయ్యాలో మానాలో తేల్సుకోవాల. ఊళ్లో రాళ్లున్నాయంట, ఓపాలి సూపించు" అంది. ప్రయాణం అలా మొదలైంది.

రాయ్‌పూర్‌లో పొద్దున ఆరున్నర రైలెక్కితే తొమ్మిదిలోపు బిలాస్‌పూర్‌లో దిగాను. మామ్మ మా బాబాయి దగ్గర గతౌరాలో ఉంటుంది. అక్కడి నుంచి ఊళ్లోకి ప్యాసింజర్ రైలు పావుగంటే, కానీ దానికోసం ఎదురుచూపు ఎంతో చెప్పలేం. అందుకని గతౌరా వెళ్లి, మామ్మను ఎక్కించుకుని రానూపోనూ ఐదు వందలకు ఆటో మాట్లాడాను. ఎక్కడికో చెప్పగానే డ్రైవర్, "అచ్ఛా, ఖాలీ కబ్రిస్తానా?" అన్నాడు. యుద్ధానికెళ్లి శవాలు దొరకని రైల్వేవాళ్ల సమాధులు కాబట్టి ఊళ్లో దానికి ఆ పేరే స్థిరపడింది. రైల్వే కాలనీ దాటాక ఎడమ చేతి సందులో ఉంది. ప్రవేశానికి టికెట్టు లేదు, పది నుంచి నాలుగు వరకు తెరుస్తారు.

లోపల చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. ఒక స్తంభం, దాని వెనక సున్నం వేసిన ఇరవై పొట్టి రాళ్లు. పేర్లుంటాయని మామ్మకు ధైర్యం చెప్పి తీసుకొచ్చింది నేనే. తీరా చూస్తే రాళ్ల మీద ఉద్యోగాలు మాత్రమే ఉన్నాయి. ఫిట్టర్, గ్యాంగ్‌మన్, పాయింట్స్‌మన్. ఫైర్‌మన్లు ముగ్గురు.

"అయ్యది ఏది నాయనా?"

"తెలీదు మామ్మా. పేర్లు లేవు."

మామ్మ మూడు రాళ్లనూ చేత్తో తడిమి, మధ్యదాని పక్కన కూర్చుంది. చౌకీదారు వచ్చి, కింద ఎవరూ లేరని హిందీలో మెల్లగా చెప్పాడు. తెలుసన్నట్టు "మాలూమ్ హై బాబూ" అంది మామ్మ. అరగంట అలాగే కూర్చుంది.

వెళ్లేటప్పుడు చౌకీదారు రిజిస్టర్ తెరిచాడు. తేదీ, నా పేరు, ఊరు రాశాను. ఆ తర్వాతి గడి, ఎవరికోసం వచ్చారని. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. ఆయన పేరు నాకు తెలియదు. భార్య మొగుడి పేరు నోట పలకలేదు, కూతురికి ఆయన అయ్య, స్వయంపాకంలో ఎలాగూ ఎవరూ చెప్పలేదు. పేరే తెలియనివాడు రాళ్ల మీద పేరు చూపిస్తానని బయల్దేరాడన్నమాట. చౌకీదారు, చాలామంది ఖాళీగానే వదిలేస్తారు, ఫరవాలేదన్నాడు.

మామ్మ నా వైపు, పుస్తకం వైపు చూసింది.

"ఖాళీ ఒగ్గకు. రాయి. అప్పలసూరి."

రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. కొంగుతో కళ్లొత్తుకుని ఆటో వైపు నడిచింది. గతౌరా వచ్చాక దిగబోతూ, "అమాసకి అయ్య పేరున కంద కూడా ఇయ్యండి. ఇష్టమని మాయమ్మ సెప్పేది" అంది.

కాలక్షేపానికి వెళ్లేవాళ్లకు పది నిమిషాలు చాలు, ఫొటోలకు పనికొచ్చే చోటు కాదు. నాకు మాత్రం అక్కడ దుఃఖం కంటే సిగ్గే ఎక్కువ కలిగింది. ఇన్నేళ్లలో ఒక్కసారి నోరు తెరిచి అడిగితే మామ్మ చెప్పేదేమో. వెళ్లాలనుకునేవాళ్లకు సూచన ఒకటే. మీరు వెతుకుతున్న మనిషి పేరు ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకుని బయల్దేరండి. అక్కడ ఏ రాయి మీదా అది దొరకదు.