దేవుని పిడికెడులో రాళ్లు

కొంపల్లిలోని మా అపార్ట్‌మెంటులో నిన్న కొత్త బియ్యం సంచి విప్పాను. యంత్రం ఏరి పంపిన ఆ గింజల్లో రాయి లేదు, వడ్లగింజ లేదు, ఎండిన వేపాకు వాసన అంతకన్నా లేదు. అయినా నా వేళ్లు రాళ్ల కోసమే వెదికాయి.

గౌడవెల్లిలో అమ్మను అవ్వ అనేవాళ్లం. అవ్వ పొయ్యి పక్కన ఒక రేకు డబ్బా ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి పూటా ఒక పిడికెడు తీసి అందులో వేసేది. అది దేవుని పిడికెడు. పురుగు పట్టకుండా వేసిన వేపాకు, పొయ్యి పొగ కలిసిన ఆ వాసనతోనే నాకు ఆదివారం తెల్లవారేది. మందిరంలో అన్ని ఇళ్ల డబ్బాలనూ ఒకే గోనెసంచిలో కుమ్మరించి, ఆ వారం ఎవరి పొయ్యి వెలగదో వారికి పంచేవారు. సీతాఫలాల గింజలు ఉమ్ముకుంటూ, క్రిస్మస్ సకినాల పిండి అంటిన వేళ్లతో గడప మీద కచ్చకాయలాడుతూ, మాది ఎప్పటికీ ఇచ్చే ఇల్లే అనుకునేదాన్ని.

బహదూర్‌పల్లిలో కడుతున్న ఇంటి పరంజా మీదినుంచి పడి నాయిన నడుము విరిగిన ఏడాది ఆ భ్రమ పోయింది. పనికి పిలిచిన మేస్త్రీ మా మందిరంలోనే ముందు వరుసలో కూర్చునేవాడు. "గా పొద్దు గీయన పనికే రాలే. యాడ పడ్డడో, కల్లు దుకాణం కాడ అడుగుండ్రి," అన్నాడు అందరి ముందూ. ఆ ఇల్లు కట్టిస్తున్న యజమాని ఆ మాటే చాలని పైసా ఇవ్వకుండా ముఖం చాటేశాడు. అవ్వ పిడికెడు మానలేదు. పైగా ప్రతి ఉదయం మోకరించి మేస్త్రీ పేరు పెట్టి ప్రార్థించేది.

"మనకే గంజి లేదు, వానికి ప్రార్థనేంది అవ్వా?"

"పగ దేవునికిచ్చిన, బిడ్డా. నా తాన పెట్టుకుంటె బువ్వ సయిస్తదా?"

నా పగను నేను ఇవ్వలేదు.

మరుసటి వానాకాలం మేస్త్రీకి పక్షవాతమొచ్చి నోరు పడిపోయింది. దేవుడు తీర్పు చెప్పాడని సంబరపడ్డాను. ఆ ఆదివారం బియ్యం అతనింటికేనని శుక్రవారం కూడికలో పాస్టరు చెప్పగానే, గింజంత కంకరరాళ్లు ఏరి మరీ డబ్బాలో కలిపాను. తొమ్మిదేళ్లదాన్ని, సంచి ఒక్కటేనన్న సంగతి మరిచాను. పాస్టరు సగం అతనికిచ్చి, మిగిలిన సగం మా ఇంటికే పంపాడు. రెండో ముద్దలోనే నాయిన పన్ను విరిగింది.

"నడుము సాలదని పన్ను గూడ తీస్కుంటుండా దేవుడు?" అని నవ్వబోయి నెత్తురు ఉమ్మాడు.

అవ్వ నా ముఖం చూసి గ్రహించింది. చాట చంకన పెట్టుకుని నన్ను మేస్త్రీ ఇంటికి ఈడ్చుకెళ్లి, అతని మంచం ముందే చివరి రాయి వరకూ ఏరించింది. "రాళ్లు మాయి, బియ్యం దేవునియి," అంది అతనితో. వంకరపోయిన మూతి మీదుగా అతని కన్నీరు కారింది. అది పశ్చాత్తాపమో రోగలక్షణమో నేటికీ నిర్ధారించలేను.

తాగి పడ్డాడన్న నిందతోనే నాయిన పోయాడు. అవ్వ పోయింది. రేకుల మందిరం ఉన్నచోట విల్లాల ప్రహరీ లేచింది. తప్పు ఒప్పుకోనివాణ్ని క్షమించడం న్యాయానికి ద్రోహమని కళాశాల చర్చావేదికల మీద వాదించి గెలిచాను. ఇప్పటికీ అదే అంటాను. దేవుణ్ని నమ్మడం మాత్రం మానలేదు. తీర్పు సగమే వచ్చిందని ఆయనకు రోజూ గుర్తుచేస్తాను.

మేస్త్రీ ఇంకా బతికే ఉన్నాడు, మాట లేకుండా. నిన్న కుక్కరు పెట్టేముందు పిడికెడు తీసి పక్కన పెట్టి, మోకరించి, అవ్వలాగే అతని పేరు పలికాను. అతని నోరు పడిపోయాక అవ్వ రోజూ అడిగిందే నేనూ అడిగాను: అతని నాలుక తిరిగి రావాలి, ప్రభువా. నాయిన ఆ పొద్దు పనికి వచ్చాడని దానితోనే చెప్పించు.