చెట్టుకు వంక పెట్టినందుకు

ధర్మవరంలో మాది పట్టుచీరల అంగడి. నచ్చిన సరుకును నచ్చిందని చెప్పకూడదని నాకు అక్షరాల కంటే ముందే నేర్పారు. నేతగాడు చీర విప్పగానే ధర తగ్గించడానికి మా నాయన అంచు పట్టుకుని మొహం చిట్లించేవాడు. ఆ చిట్లింపు నాకు వారసత్వంగా వచ్చింది. పెళ్ళిచూపుల్లో కూడా అలవాటు కొద్దీ చిట్లించి, ఒక మంచి సంబంధం పోగొట్టుకున్నాను.

కంబదూరు దారిలో, కనుచూపు మేర బోడి చేల మధ్య, ఒకే ఒక్క వేపచెట్టు ఉంది. బస్సు కిటికీలోంచి రెండుసార్లు చూసి, మూడోసారి కెమెరా తీసుకుని దాని కోసమే దిగాను. వేరుశనగ పీకేసిన చేను. గట్టు మీద ఆ చేను రైతు, నా కంటే పెద్దవాడు, బీడీ ముట్టిస్తున్నాడు. మనసుపడ్డానని తెలిస్తే ఫోటోకు ఎంత డబ్బు అడుగుతాడోనని నా అంగడిబుద్ధి ముందే మేలుకుంది.

"ఊరికే కెమెరా ఎట్లుండాదో చూసుకుందామని వచ్చినా అన్నా. ఈ చెట్టులో ఏముండాదిలే. ఒకపక్క ఎండిపోయినాది, కొమ్మలన్నీ వంకర" అన్నాను.

అతను పొగ వదిలి చెట్టు వైపు తిరిగాడు.

"నువ్వూ అదే అంటివి. ఇంట్లో పిల్లోళ్ళూ అదే అంటాండారు. ట్రాక్టరు తిరిగేదానికి అడ్డమంట, నీడకు పైరు ఎదగదంట. బయటోడు ఒక్కడన్నా బాగుండాదంటే ఉంచుదామనుకుంటి. సరేలేప్పా, రేపు రంపం మిషనోళ్ళకు చెప్తా."

వెంటనే మాట మార్చాను. "అట్ల కాదన్నా. బాగుండాది. శానా బాగుండాది."

అతను నవ్వాడు. "ఇందాక వంకర, ఇప్పుడు బాగుండాదా? కొయ్య బేరానికి వచ్చినావేమప్పా? ఆ మాట ముందే చెప్పగూడదా?"

జీవితంలో మొదటిసారి సరుకును మెచ్చుకుంటే జరిగిన మర్యాద అది. పోయి ఫోటో తీశాను. దగ్గరగా చూస్తే ఆ ఎండిన పక్క ఒక్కసారిగా ఎండింది కాదు. వాన రాని ప్రతి ఏడూ చెట్టు ఒక్కో కొమ్మను వదులుకుని, మిగిలిన వాటిని పచ్చగా నిలుపుకుంటూ వచ్చింది. నేను వంక పెట్టింది దాని ప్రాణం నిలిపిన పనికే.

కెమెరా అతని చేతికిచ్చాను. తువ్వాలుతో చేయి తుడుచుకుని పట్టుకున్నాడు. బొమ్మలోని చెట్టును బొటనవేలితో మూసి చూశాడు. మిగిలింది ఎర్రమన్ను, ఆకాశం.

"చెట్టు లేకుంటే ఇది మా చేనని నాకే ఆనవాలు దొరకదు" అన్నాడు.

"రెండుసార్లు బస్సులోంచి చూసినా అన్నా. ఈరోజు దీనికోసమే దిగినా. నువ్వేమడుగుతావోనని అబద్ధం చెప్పినా."

కెమెరా తిరిగి నా చేతిలో పెట్టాడు. "ఈ ఏడుకు కొట్టియ్యనులే."

"రెండేండ్లని చెప్పరాదా?"

"వాన నాకు ఒక్క ఏడుకు కూడా మాటియ్యదు. నేను నీకు రెండేండ్లకు యాడ ఇచ్చేది?"

కెమెరా భుజాన వేసుకుని బస్సు కోసం రోడ్డెక్కాను.

ఇప్పుడు మళ్ళీ వేరుశనగ పీకే రోజులు వచ్చాయి, అతనిచ్చిన ఏడు గడువు తీరింది. మెచ్చుకోవడం అలవాటు కావాలని మొన్న అంగడిలో ఒక నేతగాడి చీర చూసి బాగుందన్నాను. అతను అనుమానంగా చూసి, చీర మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఈ వారమే కంబదూరు బస్సు ఎక్కాలి. దిగగానే, ఆ రైతు బీడీ ముట్టించకముందే, చెట్టు బాగుందని చెప్పేయాలి.